ఏడో హోల్ గడ్డి మీద కదిలిన బంతి

సభకు అధ్యక్షత వహించిన మన క్లబ్బు ప్రెసిడెంటు కేశవ్ గారికీ, కోలారు పక్క నుంచి ఇంత దూరం వచ్చి ముఖ్య అతిథిగా కూర్చున్న, మనతో పోటీ ఆడిన జట్టు కెప్టెన్ మంజులమ్మ గారికీ, ముందు వరుసలో ఉన్న పెద్దలకూ, వెనక వరుసలో కూర్చుని వంటింటి వైపే చూస్తా ఉన్న మిత్రులకూ, (నవ్వులు) ఆదివారం పూట అంగళ్ళూ తోటలూ షిఫ్టులూ వదులుకుని నా కోసం వచ్చిన మీ అందరికీ శ్రీరంగయ్య చేతులెత్తి నమస్కారం చేస్తా ఉండాడు.

మా కోడలు ధన్య నాకు ఈ పొద్దుకని రెండు కాగితాల ప్రసంగం టైపు చేసి ఇచ్చింది. మంచి మాటలే రాసింది. క్లబ్బు నాకేమిచ్చింది, నేను క్లబ్బుకేమిచ్చినాను, అన్నీ ఉండాయి. దాన్ని నేను జోబులోనే పెట్టుకుంటాను తల్లీ, కోపం చేసుకోవద్దు. ఎందుకనేది కొంచెం సేపటికి నీకే తెలుస్తుంది.

ముందు నా సంగతి తెలియని కొత్త మెంబర్ల కోసం ఒక మాట. కృష్ణగిరిలో మాది పాత్రల అంగడి. యాభై ఏళ్ళు దాటేదాకా గోల్ఫ్ అంటే అది ఆటో, ఊరో నాకు తెలీదు. మా అంగట్లో స్టీలు డబ్బాలు కొనేదానికి వచ్చిన ఒక ఫ్యాక్టరీ మేనేజరు, "అయ్యా, మీకు షుగరు వచ్చిందంటా ఉండారు, నడవాల, ఊరికే నడిస్తే విసుగు పుడుతుంది, చేతిలో ఒక కర్ర పట్టుకుని నడవండి" అని చెప్పి హోసూరు పక్క బాగలూరు దావలో ఉన్న ఈ తొమ్మిది హోళ్ళ, అంటే జెండాలు పాతిన తొమ్మిది గుంతల మైదానానికి పిలుచుకొచ్చినాడు. మొదటి రోజు ఇరవై సార్లు కొడితే బంతి మూడుసార్లు కదిలింది. ఇంటికి పోయి చెప్తే మా ఇంటామె రాజలక్ష్మి, అదిగో ఆడ కూర్చోనుంది, "కదలని బంతి కోసం హోసూరు దాకా పోవాలా, మన మిద్దె మీద కొట్టినా కదలదు" అనింది. (నవ్వులు)

అట్లాంటోణ్ణి పట్టుకుని మీరు పదకొండేళ్ళు కెప్టెన్‌ని చేసినారు. ఈ పొద్దు శాలువా కప్పినారు. ఇప్పుడే కేశవ్ గారు మాట్లాడతా, "స్నేహితుడని కూడా చూడకుండా నియమం కోసం నిలబడిన మనిషి మా శ్రీరంగయ్య" అని చెప్పినారు. ఏ సంగతి గురించి అన్నారో పాత మెంబర్లకి తెలుసు. మీరంతా చప్పట్లు కొట్టినారు. కేశవ్ గారూ, తప్పు మీది కాదు, మీరు విన్నది చెప్పినారు. అయితే ఆ చప్పట్లు నాకు చెందవు. ఎందుకు చెందవో చెప్పకుండా ఈ శాలువాతో ఇంటికి పోతే నాకు నిద్ర పట్టదు.

మూడో వరుసలో కిటికీ పక్కన తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడే, ఆయన సుబ్రమణి. తల వంచుకోవద్దు సుబ్రమణప్పా, ఈ పొద్దు నువ్వు తల వంచుకునే పని లేదు. మన మైదానం కంచెకి అవతల ఉన్న గులాబీ తోట ఈయనదే. ఈయనకి గోల్ఫ్ ఎట్లా వచ్చిందంటే, మనం కొట్టిన బంతులన్నీ పోయి ఆ గులాబీ మొక్కల ప్లాస్టిక్ షెడ్ల మీద పడతా ఉండె. ఇంకొకరైతే వచ్చి తగువు పెట్టుకొని ఉందురు. ఈయన ఒక రోజు ప్లాస్టిక్ బకెట్ నిండా బంతులు తెచ్చి ఆఫీసు ముందర పెట్టి, "ఇన్ని బంతులు మా తోటలోకి కొట్టే బదులు, ఒకటన్నా ఆ జెండా దగ్గరికి కొట్టరాదా?" అన్నాడు. నాకు రోషం వచ్చి, "నువ్వు కొట్టు చూద్దాం" అని నా కర్ర ఇచ్చినాను. కొట్టినాడు. జెండాకి రెండు గజాల్లో పడింది. (నవ్వులు, చప్పట్లు) ఆ రోజు నుంచి ప్రతి ఆదివారమూ ఇద్దరమూ కలిసే ఆడినాము. ఆట అయినాక వాళ్ళింట్లో ఆయన భార్య మునిలక్ష్మమ్మ రాగి దోసె పోసి పెట్టేది. నా షుగరు గురించి నాకన్నా ఆమెకే ఎక్కువ గుర్తు.

ఇంగ ఆ సంగతికి వస్తాను.

పన్నెండేళ్ళ కిందట, జనవరిలో, మన క్లబ్బు చాంపియన్‌షిప్. నేనూ సుబ్రమణీ ఒకే గుంపులో ఆడతా ఉండినాము. ఆయన నాకన్నా రెండు దెబ్బలు తక్కువ కొట్టి ముందు ఉండినాడు. ఏడో హోల్లో ఆయన బంతి కుడి పక్క ఏటవాలు గడ్డిలో, చెడ్డ చోట ఆగింది. నేను చూసినాను, "పాపం, ఈడ నుంచి బయటికి రాదు" అనుకుని నా బంతి దగ్గరికి పోయినాను. తిరిగి చూసేసరికి ఆయన బంతి అడుగు దూరం జరిగి, మంచి నేల మీద ఉండాది. ఆయన దాని పక్కనే నిలబడి ఉండాడు. "ఏమప్పా, బంతి ఎట్లా వచ్చింది ఈడికి?" అని అడిగినాను. "దానంతటదే దొర్లిందప్పా, నేను ముట్టుకోలేదు" అన్నాడు. గాలి లేదు. దాని దగ్గర ఆయన తప్ప ఎవరూ లేరు. మరి బంతి ఎట్లా కదులుతుంది? కాలితో తోసినాడనే నేను అనుకున్నాను. చూడలేదు, అనుకున్నాను. ఈ రెంటికీ ఉన్న తేడా ఆ పొద్దు నాకు తట్టలేదు.

మెల్లిగా పక్కకి పిలిచి అడిగి ఉండొచ్చు. కమిటీకి చెప్పి ఊరుకోవచ్చు. నేను అట్లా చేయలేదు. మధ్యాహ్నం బహుమతులిచ్చేటప్పుడు, ఇదే హాల్లో, ఇదే మైకు పట్టుకుని, నూటిరవై మంది ముందర, "నాకు స్నేహం కన్నా ఆట పెద్దది, సుబ్రమణి బంతి జరిపినాడు" అని చెప్పినాను. నిజం చెప్తా ఉండాను, ఆ మాట చెప్పేటప్పుడు నాకు నా మీద నాకే గొప్పగా అనిపించింది. ఆయన లేచి, "నేను జరపలేదు" అని ఒకే ఒక్కసారి చెప్పినాడు. ఎవరూ నమ్మలేదు. కమిటీ ఆయన పేరు కొట్టేసింది. చాంపియన్‌షిప్ నాకు వచ్చింది. మరుసటేడు, ఇంత నియమం తప్పని మనిషి ఇంకెవరు దొరుకుతారని, మీరు నన్ను కెప్టెన్‌ని చేసినారు.

నేను దాన్ని అంతటితో మరిచిపోయినాను. ఆయన ఇంట్లో వాళ్ళు మరిచిపోలేదు. ఆ ఏడు ఈ పక్క గులాబీ రైతుల సంఘానికి ఆయన్నే కార్యదర్శి చేయాలని అందరూ అనుకున్నారంట. మీటింగులో ఎవరో నవ్వుతా, "ఆటలోనే బంతి జరిపినాయన, సంఘంలో ఏం జరుపుతాడో" అన్నాడంట. ఆయన లేచి వచ్చేసినాడు. తర్వాత ఒకసారి ఊత్తంగరైలో పెళ్ళికి పోయింటే, మునిలక్ష్మమ్మ మా రాజలక్ష్మిని చూసి, "అక్కా, మీ ఆయన మా ఆయన్ని ఏమన్నా అననీ, అందరి ముందర అన్నాడు చూడు, అది నాకు సహించలేదు" అని ఏడ్చిందంట. రాజలక్ష్మి ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, "తప్పు చేసినోళ్ళు ఏడవకుండా ఏం చేస్తారు" అన్నాను నేను. ఆ పొద్దు ఆమె నాకు చెప్పిన జవాబు ఈడ చెప్పలేను గానీ, మూడు దినాలు నాకు కాఫీ మాత్రం నేనే పెట్టుకున్నాను. (నవ్వులు)

సుబ్రమణి క్లబ్బు మానలేదు. అది నాకు ఆశ్చర్యం. మానితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని మానలేదని తర్వాత తెలిసింది. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి ఒక్కడే ఆడుకుని, మేము వచ్చేసరికి పోయేవాడు. నేను ఎదురుపడితే దావ మార్చేవాడు. పదకొండేళ్ళలో ఎన్నో జట్లు కట్టినాను, ఒక్కసారీ ఆయన పేరు రాయలేదు. అడిగినోళ్ళకి ఆయన ఆట తగ్గిందని చెప్పినాను. తగ్గలేదు. నాకు తెలుసు.

ఇంగ మొన్న జనవరి మ్యాచ్. మంజులమ్మ గారి జట్టు మన మీదికి వచ్చినారు. మీదికి అంటే కొట్టేదానికి కాదమ్మా, స్నేహంగానే. (నవ్వులు) పన్నెండు మంది వాళ్ళు, పన్నెండు మంది మనం, ఇద్దరిద్దరుగా ఆరు జతలు. ఈ ఆట పద్ధతి తెలియని వాళ్ళకి చెప్తాను. జతలో ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒకసారి నేను కొడితే, మళ్ళీసారి నా జతగాడు కొట్టాల. నేను చెడగొట్టిన బంతిని ఆయన బాగు చేయాల, ఆయన చెడగొడితే నేను.

నా జతగాడు మోహిత్. పొద్దున ఆరున్నరకి ఫోను చేసినాడు. భార్యకి నొప్పులొచ్చినాయి, ఆసుపత్రిలో ఉండాము అని. ఆ పొద్దు పుట్టిన పాప, అదిగో, వాళ్ళమ్మ ఒళ్ళో ఉంది, ఆ పాపకి నేను చాలా రుణపడి ఉండాను. పదకొండు మందే మిగిలినాము. పొగమంచు ఇంకా విడవలేదు. మా వైస్ కెప్టెన్ మధుమిత నా దగ్గరికి వచ్చింది. ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే అమ్మాయి, మాట తిప్పి చెప్పడం చేతకాదు.

"అంకుల్, సుబ్రమణప్ప ఆడ ప్రాక్టీసు చేస్తా ఉండాడు. ఆయన్ని పిలుస్తాను."

"ఆయన రాడమ్మా."

"ఆయన రాడా, రాకూడదని మీకుందా?"

నేను జవాబు చెప్పే లోపల ఆమె పోయింది. మంచులో ఇద్దరూ మాట్లాడుకునేది కనిపిస్తా ఉంది, ఏమీ వినిపించలేదు. కొంచెం సేపటికి సుబ్రమణి సంచీ భుజానికేసుకుని వచ్చి, నాకు మూడు అడుగుల దూరంలో నిలబడి, నా వైపు చూడకుండా మధుమితతోనే అన్నాడు. "క్లబ్బు కోసం ఆడతాను. మాట్లాడమంటే మాత్రం నావల్ల కాదు."

మాకు ఎదురు జత మంజులమ్మ గారూ, వాళ్ళ తమ్ముడూ. ఆరు హోళ్ళు అట్లానే ఆడినాము. పన్నెండేళ్ళు మాట్లాడని ఇద్దరు మనుషులు ఒకే బంతిని ఆడడం ఎట్లుంటుందో మీకు చెప్పలేను. నేను కొట్టింది ముళ్ళలో పడితే ఆయన మాట్లాడకుండా పోయి తీసేవాడు. ఆయన కొట్టింది జెండా దగ్గర పడితే, "బాగా కొట్టినావప్పా" అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది. మంజులమ్మ గారు పాపం మేము మూగోళ్ళమేమో అనుకుని కన్నడంలో తమ్ముణ్ణి అడిగినారంట. (నవ్వులు) ఆమె నవ్వుతా ఉంది చూడండి, నిజమే.

ఏడో హోల్లో మొదటి దెబ్బ సుబ్రమణిది. బంతి కుడి పక్కకి పోయి, అదే ఏటవాలు గడ్డిలో ఆగింది. ఇద్దరమూ నడుచుకుంటా పోయినాము. అప్పుడే ఎండ పడతా ఉంది, గడ్డి మీద మంచు ఇంకా తడితడిగా ఉంది. బంతి ఒక గడ్డి దుబ్బు మీద వాలి, చెడ్డగా కూర్చోనుంది. రెండో దెబ్బ నాది. నేను వెనక్కి వచ్చి సంచీలో కర్ర ఏరుకుంటా ఉండాను. ఊరికే తలెత్తి చూసినాను. గడ్డి మెల్లిగా వంగింది. బంతి కదిలింది. ఎవరో వేలితో తోసినట్టు అడుగు దూరం దొర్లి, మంచి నేల మీదికి వచ్చి ఆగింది.

గాలి లేదు. దాని దగ్గర ఎవరూ లేరు. నేను ఆరడుగుల దూరంలో ఉండాను. సుబ్రమణి నాకు ఇంకా వెనక ఉండాడు.

ఆట సంగతి అప్పుడే మరిచిపోయినాను. పన్నెండేళ్ళ కిందట ఆయన బంతి ఇదే చోట ఇట్లానే దొర్లింది, ఆయన చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం అని ఆ ఒక్క క్షణంలో తెలిసిపోయింది. వెనక్కి తిరిగి ఆయన ముఖం చూసే ధైర్యం లేదు.

ఆట నియమం ప్రకారం అవతలి వాళ్ళకి చెప్పాల. వాళ్ళు మైదానానికి ఆ పక్క ఉండారు, చూడలేదు. పిలిచినాను. మంజులమ్మ గారు వచ్చి బంతినీ నన్నూ చూసి అడిగినారు.

"ఎట్లా కదిలింది సార్? కాలు గానీ, కర్ర గానీ తగిలిందా?"

అడగవలసిన మాటే. నేను నోరు తెరిచినాను. వచ్చిన మాట, "దానంతటదే దొర్లిందమ్మా, నేను ముట్టుకోలేదు." ఆ మాట నా నోట్లో నుంచి వస్తా ఉంటే, నాకు సుబ్రమణి గొంతే వినిపించింది. నేను చెప్పేది నాకే అబద్ధంలా ఉండింది. ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదే అప్పుడు.

ఆమె సుబ్రమణి వైపు చూసినారు. ఆయన ఏమన్నా అనొచ్చు. చూడలేదని చెప్పినా చాలు, నా పని అయిపోతుంది. పన్నెండేళ్ళ తర్వాత దొరికిన సందు. ఆయన కొంచెం సేపు బంతినే చూసి, తర్వాత చెప్పినాడు.

"నేను చూసినాను తల్లీ. ఈయప్ప ఆరడుగుల దూరంలో ఉండినాడు. బంతి దానంతటదే వచ్చింది. ఈయప్ప అబద్ధం చెప్పే మనిషి కాదు."

(ఎవరో నీళ్ళ గ్లాసు అందిస్తారు)

నీళ్ళు... వద్దు, ఉండనీ. చెప్పేస్తాను.

మంజులమ్మ గారు, "అంతే చాలు సార్, బంతి యాడుందో ఆడ నుంచే కొట్టండి" అన్నారు. నియమం అదే. నాకు మాత్రం కొట్టేదానికి చేతులు రాలేదు. "వద్దమ్మా, ఈ హోల్ మీకే వదిలేస్తాము, మా మీద మాట రాకూడదు" అన్నాను. ఎంత గొప్పగా అనుకున్నానో. అప్పుడు సుబ్రమణి నా ముందరికి వచ్చి నిలబడినాడు. పన్నెండేళ్ళ తర్వాత నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే, అరిచి చెప్పినాడు.

"ఎందుకు వదిలేస్తావప్పా? నిజమే కదా చెప్పినావు? నిజం చెప్పినోడు ఎందుకు వదిలేయాల? ఆ పొద్దు నేనూ అట్లా వదిలేసి తల వంచుకుని పోయింటే మీకందరికీ బాగుండేది. నేను వదల్లేదు. నువ్వూ వదలొద్దు. కొట్టు!"

కొట్టినాను. ఎట్లా కొట్టినానో తెలీదు. ఆ హోల్ రెండు జతలకీ సమానమైంది.

ఆ తర్వాత మెల్లిమెల్లిగా మాటలు వచ్చినాయి. "గాలి ఎడమ నుంచి వస్తాంది." "కొంచెం పైకి కొట్టప్పా." అంతే. ఆ మాటలే నాకు పండగలా ఉండినాయి. చివరి హోల్ దాకా సమానంగా వచ్చినాము. మిగతా అయిదు జతల్లో మనం మూడు గెలిచినాము, వాళ్ళు రెండు. మేం గెలిస్తే కప్పు మనది. మైదానం రెండు చుట్లు తిరిగితే వచ్చే పద్దెనిమిదో హోల్లో సుబ్రమణి బంతిని గుంతకి రెండడుగుల దగ్గరికి తెచ్చి పెట్టినాడు. అది గుంతలో పడితే ఇంకో హోల్ ఆడొచ్చు, తప్పితే ఓటమి. నేను గురి తప్పినాను. రెండడుగులు! అంగట్లో కౌంటరంత దూరం! (నవ్వులు) మా జత ఓడి మూడుకి మూడై మ్యాచ్ సమానమైంది, కప్పు ఆరు నెలలు వాళ్ళ దగ్గర, ఆరు నెలలు మన దగ్గర ఉంటా ఉంది. సుబ్రమణి నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేప్పా, నేనైనా గురి తప్పి ఉందును" అన్నాడు. ఆయన తప్పి ఉండడు. మీకందరికీ తెలుసు.

మధ్యాహ్నం మన గడ్డి చూసుకునే ఆంజప్పని పిలిచి అడిగినాను, ఏడో హోల్లో బంతి ఎందుకు కదిలిందని. ఇరవై ఏళ్ళుగా ఈ మైదానం గడ్డిని బిడ్డలా చూసుకునే మనిషి. "జనవరిలో ఆ దిబ్బ మీద అంతే సామీ. మంచు తడికి గడ్డి మెత్తబడి ఉంటుంది, ఎండ తగిలేసరికి బరువు కింద వాలిపోతుంది. నేను ఎన్నిసార్లు చూసినానో" అన్నాడు. "మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదప్పా?" అంటే, "నన్ను ఎవరడిగినారు సామీ?" అన్నాడు. ఆంజప్పా, నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉండావు, లోపలికొచ్చి కూర్చో. ఆ పొద్దు నిన్ను అడగనిది నా తప్పే.

ఆ మధ్యాహ్నమే సుబ్రమణి తోటకి పోయినాను. షెడ్డులో పూలు కోస్తా ఉండినాడు. చేతులు పట్టుకుని, "నన్ను మన్నించప్పా" అన్నాను. ఆయన కత్తెర కింద పెట్టి, కోపం లేకుండానే చెప్పినాడు. "శ్రీరంగప్పా, ఈడ నువ్వూ నేనే ఉండాము. ఆ పొద్దు నూటిరవై మంది ఉండినారు."

జనవరి నుంచి ఇప్పటికి ఎనిమిది నెలలు. నడుమ మూడు మీటింగులు జరిగినాయి. మూడుసార్లూ లేచి చెప్పాలనుకున్నాను, మూడుసార్లూ నీళ్ళు తాగి కూర్చున్నాను. కెప్టెన్ పదవి పోతుందనే భయమా అంటే, అదీ ఉంది, దాచుకోను. మీ ముందర చిన్నబోతాననే భయం ఇంకా ఎక్కువ. ఈ పొద్దు పదవి దిగిపోయినాను కాబట్టి ధైర్యం వచ్చిందని మీరు అనుకుంటే, ఆ మాట కూడా నిజమే. ఆలస్యంగా వచ్చిన ధైర్యానికి గొప్ప లేదు.

కాబట్టి అధ్యక్షా, పెద్దలారా, అప్పుడు ఏ హాల్లో చెప్పినానో ఆ హాల్లోనే, ఏ మైకులో చెప్పినానో ఆ మైకులోనే చెప్తా ఉండాను. పన్నెండేళ్ళ కిందట సుబ్రమణి బంతి జరపలేదు. ఆయన చెప్పింది నిజం. నేను చూడకుండా చూసినట్టు చెప్పినాను. ఆ ఏటి చాంపియన్ ఆయనే. గోడ మీద బోర్డులో ఆ ఏటికి నా పేరు ఉంది, అది చెరిపి ఆయన పేరు రాయమని కమిటీకి కాగితం రాసి తెచ్చినాను, ఇదిగో ఇస్తా ఉండాను. కేశవ్ గారూ, ఈ మాటలన్నీ మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి, ఒక్కటీ తగ్గించొద్దు. గులాబీ రైతుల సంఘం పెద్దల దగ్గరికి రేపు నేనే పోయి చెప్తాను. మునిలక్ష్మమ్మా, నువ్వూ ఈడే ఉండావు, నిన్ను ఏడిపించినందుకు నీకు వేరుగా చెప్తా ఉండాను, నన్ను మన్నించమ్మా. సుబ్రమణప్పా, నువ్వు మన్నిస్తావో లేదో నీ ఇష్టం. చెప్పడం వరకే నా వంతు.

(మూడో వరుసలో నుంచి ఒక గొంతు)

ఏమన్నాడో వెనకాలోళ్ళకి వినపడి ఉండదు. నేనే చెప్తాను. "అంతా విన్నాము, ఇంగ చాలప్పా, అంతసేపు నిలబడితే మోకాళ్ళు పట్టేస్తాయి, వచ్చి ఈడ కూర్చో" అంటా ఉండాడు. పక్క కుర్చీలో ఉన్న సంచీ తీసి కింద పెట్టినాడు. (చప్పట్లు)

వస్తానప్పా, ఒక్క నిమిషం.

కొత్త కెప్టెన్ మధుమితకి నా ఆశీస్సులు. అమ్మా, నీకు నేను నేర్పేది ఏమీ లేదు, ఒకటే అడుగుతాను. పదకొండేళ్ళు జట్టు పేర్లు నేను చదివినాను, ఇంగమీద నువ్వు చదువు. నా పేరు ఉంటే ఎవరి జతలో రాసినా ఆడతాను. లేకపోతే ఎందుకు లేదని అడగను. మ్యాచ్ రోజు పొద్దున్నే వచ్చి నీళ్ళ సీసాలు మోస్తాను.

ఆట నేర్పిన మైదానానికి, ఓపికతో విన్న మీకు, నా మాట నమ్మి ఆడనిచ్చిన మంజులమ్మ గారికి, ఇంట్లో నాకన్నా ముందే ఈ తప్పు కనిపెట్టిన రాజలక్ష్మికి, మీరు కప్పిన ఈ శాలువాకి, అన్నిటికీ నా కృతజ్ఞతలు. మూడో వరుసలో నాకు ఒక కుర్చీ ఖాళీగా ఉంది. నేను ఆడికి పోతా ఉండాను. సెలవు.